షేర్డ్ ఫోల్డర్ పర్మిషన్లకు కాపలా: ఇన్‌క్రాన్, ఐనోటిఫైవెయిట్, సిస్టమ్‌డీ పాత్, వాచ్‌మన్, బైండ్‌ఎఫ్ఎస్‌లలో ఏది నిలుస్తుంది?

లినక్స్ సర్వర్‌లో నలుగురు కలిసి వాడే డైరెక్టరీ ఉందంటే ఈ గొడవ తప్పదు. ఒకరు పెట్టిన ఫైల్ 0644 మోడ్‌తో (మోడ్ అంటే పర్మిషన్లను చెప్పే అంకె) వస్తుంది. మిగతావాళ్లు చదవగలరు కానీ సేవ్ చేయలేరు. ఇంకొకరిది 0600తో వస్తుంది, అసలు తెరుచుకోదు. అడ్మిన్ ఒకసారి సీహెచ్‌మోడ్ (మోడ్ మార్చే కమాండ్) కొట్టి సరిచేస్తాడు, మర్నాటికి మళ్లీ మొదటికే. అందుకే "ఎవరు ఏ ఫైల్ పెట్టినా పర్మిషన్ దానంతటదే సరైపోవాలి" అంటూ డైరెక్టరీని కనిపెట్టుకుని ఉండే టూల్ కోసం వెతుకుతారు. ఈ సమీక్ష ఆ ఒక్క పని గురించే. ఇందులో వచ్చే టూల్స్‌కి బిల్డ్ నడపడం, బ్యాకప్ తీయడం లాంటి వేరే ఉపయోగాలు చాలా ఉన్నాయి. వాటి జోలికి పోవడం లేదు.

కాపలా పెట్టకుండా ఎంత దూరం వెళ్లొచ్చు

ఏదీ ఇన్‌స్టాల్ చేయకముందు కెర్నెల్ ఉత్తపుణ్యానికి ఇచ్చేది వాడుకోవాలి. డైరెక్టరీని టీమ్ గ్రూప్‌కి మార్చి, మోడ్ 2770 పెట్టండి. ముందున్న 2 సెట్‌జీఐడీ బిట్. దానివల్ల లోపల పుట్టే ప్రతి ఫైల్‌కీ డైరెక్టరీ గ్రూపే వస్తుంది, లోపల పుట్టే సబ్‌డైరెక్టరీలకు ఆ బిట్ కూడా సంక్రమిస్తుంది. తర్వాత సెట్‌ఎఫ్‌యాకిల్‌తో డిఫాల్ట్ ఏసీఎల్ (లోపల పుట్టేవాటికి వర్తించే పర్మిషన్ల జాబితా) పెట్టండి: యూజర్‌కి, గ్రూప్‌కి, పేరు పెట్టి టీమ్ గ్రూప్‌కి ఆర్‌డబ్ల్యూఎక్స్ (చదవడం, రాయడం, నడపడం), అదర్స్‌కి ఏమీ వద్దు. డిఫాల్ట్ ఏసీఎల్ ఉన్న డైరెక్టరీలో యూమాస్క్ (కొత్త ఫైల్ నుంచి ఏ బిట్లు తీసేయాలో చెప్పే అంకె) లెక్కలోకే రాదు. ఒకరిది 022 అయినా, ఇంకొకరిది 077 అయినా, మామూలుగా 0666 అడిగి ఫైల్ సృష్టించే ప్రోగ్రామ్ చేతిలో 0660 ఫైలే పుడుతుంది. ఏసీఎల్‌లో ఎగ్జిక్యూట్ ఉంది కదా, ఫైళ్లకు కూడా అంటుకుంటుందేమో అన్న భయం అక్కర్లేదు. ప్రోగ్రామ్ అడిగిన 0666లో ఆ బిట్ లేదు కాబట్టి రాదు. అప్పటికే లోపల ఉన్న పాత ఫైళ్లకు, పాత సబ్‌డైరెక్టరీలకు మాత్రం ఒకసారి చేత్తో సరిచేయాలి. డిఫాల్ట్ ఏసీఎల్ కొత్తగా పుట్టేవాటికే వర్తిస్తుంది.

సగం మందికి ఇక్కడితో పని అయిపోతుంది. మిగతా సగానికి కాపలా ఎందుకు కావాలంటే ఈ ఏర్పాటులో నాలుగు సందులున్నాయి.

మొదటిది ఎంవీ, ఫైల్‌ని జరిపే కమాండ్. అదే ఫైల్‌సిస్టమ్‌లో ఒక చోట నుంచి ఇంకో చోటికి జరిపిన ఫైల్ కొత్తగా పుట్టదు, పేరు మాత్రమే మారుతుంది. దాని మోడ్, గ్రూప్, ఏసీఎల్ పాతవే. హోమ్ డైరెక్టరీలో 0600తో ఉన్నది షేర్‌లోకి వచ్చాక కూడా 0600గానే ఉంటుంది.

రెండోది టెంపరరీ ఫైల్ పద్ధతి. చాలా ప్రోగ్రామ్‌లు ఎంకేఎస్‌టెంప్‌తో ముందు ఒక టెంపరరీ ఫైల్ తెరిచి, రాయడం పూర్తయ్యాక అసలు పేరుకి రీనేమ్ చేస్తాయి. ఎంకేఎస్‌టెంప్ అడిగేది 0600. డిఫాల్ట్ ఏసీఎల్ యూమాస్క్‌ని పక్కన పెడుతుందే కానీ ప్రోగ్రామ్ అడిగిన మోడ్‌ని దాటి ఒక్క బిట్ కూడా ఎక్కువ ఇవ్వదు. గ్రూప్ భాగం సున్నా కాబట్టి ఏసీఎల్ మాస్క్ (గ్రూప్ ఎంట్రీలకు పై హద్దు) సున్నా అవుతుంది. గెట్‌ఎఫ్‌యాకిల్ కొట్టి చూస్తే గ్రూప్ ఎంట్రీ నిక్షేపంగా ఆర్‌డబ్ల్యూఎక్స్ అనే కనిపిస్తుంది, పక్కనే ఎఫెక్టివ్ అంటూ మూడు గీతలుంటాయి. "ఏసీఎల్ పెట్టినా పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వెనుక ఉన్నది ఇదే.

మూడోది ఎస్ఎఫ్‌టీపీ, అంటే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఫైళ్లు పంపే పద్ధతి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ పుట్ చేసేటప్పుడు తన దగ్గరున్న ఫైల్ మోడ్‌ని కూడా సర్వర్‌కి పంపుతుంది. సర్వర్ వైపు ఇంటర్నల్ ఎస్ఎఫ్‌టీపీకి మైనస్ యూ ఆప్షన్‌తో యూమాస్క్ 0002 ఇచ్చినా, యూమాస్క్ బిట్లను తీసేయగలదు తప్ప కలపలేదు. అటు నుంచి 0644 వస్తే ఇటు గ్రూప్‌కి రీడ్ మాత్రమే, రైట్ లేనట్టే.

నాలుగోది ప్రోగ్రామే కావాలని మోడ్ మార్చడం. టార్‌లో పర్మిషన్లు నిలిపే ఆప్షన్, ఆర్‌సింక్‌లో మైనస్ ఏ, సీపీలో మైనస్ పీ అన్నీ ఈ కోవలోవే. ఆర్‌సింక్ అయితే కాపలా దాకా పోనక్కర్లేదు. దాని సీహెచ్‌మోడ్ ఆప్షన్‌లో డీ2770, ఎఫ్660 అని రాసి మైనస్ పీతో కలిపి ఇస్తే అక్కడికక్కడే సరిపోతుంది. అలాగే ఫైళ్లన్నీ సాంబా (విండోస్ తరహా ఫైల్ షేరింగ్) ద్వారానే వస్తుంటే ఫోర్స్ క్రియేట్ మోడ్, ఫోర్స్ డైరెక్టరీ మోడ్, ఫోర్స్ గ్రూప్ అనే మూడు లైన్లు చాలు. దానికి వాచర్ పెట్టడం దండగ.

ఏ ఈవెంట్లు వినాలి

బైండ్‌ఎఫ్ఎస్ తప్ప ఇక్కడ చూసే టూల్స్ అన్నీ లినక్స్‌లో ఐనోటిఫై మీదే నడుస్తాయి. ఫైళ్లలో మార్పు జరగగానే ఈవెంట్ రూపంలో కబురు చెప్పే కెర్నెల్ సదుపాయం అది. ఇది 2005లో 2.6.13 కెర్నెల్‌తో వచ్చింది. కాబట్టి టూల్ ఏదైనా కొన్ని పరిమితులు ఉమ్మడి ఆస్తి. ఐనోటిఫై సహజంగా సబ్‌డైరెక్టరీల్లోకి వెళ్లదు, ప్రతి డైరెక్టరీకీ విడిగా వాచ్ పెట్టాలి. వేరే మెషీన్ నుంచి ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) ద్వారా జరిగిన మార్పు ఈ మెషీన్‌లో మౌంట్ చేసుకున్న క్లయింట్‌కి తెలియదు. ఆ పరిస్థితిలో కాపలా ఫైల్ సర్వర్ మీదే పెట్టాలి, క్లయింట్ మీద పెడితే సగం మార్పులు కనబడవు.

ఈవెంట్లలో క్రియేట్ చూడగానే అందరికీ అదే కావాలనిపిస్తుంది. ఫైళ్ల విషయంలో అది తొందరపాటు. క్రియేట్ వచ్చేసరికి ఫైల్ ఖాళీగా ఉంటుంది, దాన్ని తెరిచిన ప్రోగ్రామ్ తర్వాత మళ్లీ తన మోడ్ పెట్టుకుంటుంది, మీరు దిద్దింది పోతుంది. ఫైళ్లకు క్లోజ్ రైట్, మూవ్డ్ టూ రెండూ వినండి. సీపీ మైనస్ పీ ఫైల్ మూసేముందే మోడ్ పెడుతుంది. ఆర్‌సింక్ టెంపరరీ ఫైల్‌కి మోడ్ పెట్టి ఆ తర్వాతే రీనేమ్ చేస్తుంది. రెండు సందర్భాల్లోనూ మీరు చివర్లోనే వస్తారు. క్రియేట్ డైరెక్టరీల కోసం ఉంచండి.

యాట్రిబ్ దగ్గర జాగ్రత్త. పర్మిషన్ మారితే వచ్చే ఈవెంట్ అదే. మీ టూల్ సీహెచ్‌మోడ్ చేసినా వస్తుంది. అప్పటికే 0660 ఉన్న ఫైల్‌కి మళ్లీ 0660 పెట్టినా వస్తుంది. టైమ్‌స్టాంప్ మారినా, హార్డ్‌లింక్ (అదే ఫైల్‌కి ఇంకో పేరు) సంఖ్య మారినా వస్తుంది. యాట్రిబ్ విని గుడ్డిగా సీహెచ్‌మోడ్ చేసే స్క్రిప్ట్ తన తోకను తానే తరుముతూ సీపీయూ తినేస్తుంది. మోడ్ తప్పుగా ఉంటేనే దిద్దాలి అన్న షరతు పెడితే రెండో చుట్టుకే ఆగిపోతుంది. యాట్రిబ్ పూర్తిగా వదిలేయడం కూడా కుదరదు, ఎందుకంటే జీఎన్‌యూ టార్ డైరెక్టరీల మోడ్‌ని మొత్తం విప్పడం అయ్యాక చివర్లో పెడుతుంది. క్రియేట్ అప్పుడు మీరు దిద్దిన 2770 ఆ చివరి క్షణంలో 0755 అవుతుంది.

ఇన్‌క్రాన్

పేరు విన్నాక ముందు చేయి పోయేది దీని మీదకే. క్రాన్ టేబుల్ లాగే ఒక్కో లైన్‌లో పాత్, ఈవెంట్లు, కమాండ్ రాస్తే అయిపోతుంది. డాలర్ గుర్తు పక్కన ఎట్ పెడితే కనిపెట్టుకున్న డైరెక్టరీ, హ్యాష్ పెడితే ఫైల్ పేరు, పర్సెంట్ పెడితే ఈవెంట్ పేరు వస్తాయి. ఒక్క డైరెక్టరీ, రోజుకి పదిపాతిక ఫైళ్లు, స్కానర్ లేదా ఏదో ఎక్స్‌పోర్ట్ జాబ్ వచ్చి పడేసేవి: ఈ వాడకానికి ఇన్‌క్రాన్ ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

అంతకు మించితే నిలవదు. డెబియన్, ఉబుంటుల్లో ఇన్‌స్టాల్ చేయగానే రూట్‌కి కూడా అనుమతి లేదంటుంది, ఈటీసీలోని ఇన్‌క్రాన్ డాట్ అలౌ ఫైల్‌లో పేరు రాయాలి. ఇది చిన్న విషయమే. కమాండ్‌ని షెల్ ద్వారా నడపదు కాబట్టి పైప్, రీడైరెక్షన్ పనిచేయవు, షరతు పెట్టాలంటే వేరే స్క్రిప్ట్ రాసి దాని పూర్తి పాత్ ఇవ్వాలి. ఇదీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనివి రెండున్నాయి. ఒకటి, ప్రతి ఈవెంట్‌కీ ఒక ప్రాసెస్ పుడుతుంది, ఈవెంట్లను కూడగట్టే ఏర్పాటు లేదు. పదివేల ఫైళ్ల టార్ విప్పితే సర్వర్ లోడ్ ఎలా ఎగబాకుతుందో చూడాల్సిందే.

రెండోది ఇంకా ప్రమాదం. లూప్ పడకుండా ఇది ఇచ్చే రక్షణ, కమాండ్ నడుస్తున్నంతసేపూ ఆ వాచ్‌ని ఆపేస్తుంది. పాత వెర్షన్లలో దీనికి నో లూప్ అనే ఫ్లాగ్ ఉండేది, కొత్తవాటిలో లూపబుల్ అనే ఆప్షన్‌గా మారింది. వాచ్ ఆగిన ఆ సమయంలో అదే డైరెక్టరీలోకి వచ్చిన ఇతర ఫైళ్లు ఇన్‌క్రాన్ కంట పడవు. లాగ్‌లో తప్పేమీ ఉండదు, ఫైళ్లలో మూడోదో ఏడోదో మాత్రం 0600గా మిగిలిపోతుంది. ఒక్కో ఫైల్ పెట్టి పరీక్షిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. సబ్‌డైరెక్టరీల సంగతికొస్తే పాత వెర్షన్లు వాటిని చూడవు, కాబట్టి మీ మెషీన్‌లో ఏ వెర్షన్ ఉందో ముందు చూసుకోండి.

సిస్టమ్‌డీ పాత్ యూనిట్

విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదన్నది దీని ఒకే ఒక్క ఆకర్షణ. పాత్ చేంజ్డ్ అని డైరెక్టరీ పేరు రాస్తే, మార్పు రాగానే జతగా ఉన్న సర్వీస్ నడుస్తుంది. సబ్‌డైరెక్టరీల్లోకి వెళ్లదు. పైగా ఇది యాట్రిబ్ కూడా వింటుంది కాబట్టి మీ సర్వీస్ చేసే సీహెచ్‌మోడ్‌కే మళ్లీ లేస్తుంది. డిఫాల్ట్‌గా 10 సెకన్లలో 5 సార్లకు మించి మొదలైతే స్టార్ట్ లిమిట్ తగిలి ఫెయిల్ అవుతుంది, దానితో పాటు పాత్ యూనిట్ కూడా పడుకుంటుంది. ఆ తర్వాత ఎవరో చూసి రీసెట్ చేసేదాకా కాపలా లేనట్టే. లోతు లేని ఒకే డ్రాప్ ఫోల్డర్‌కి తప్ప దీన్ని ఎంచుకోవద్దు.

ఐనోటిఫైవెయిట్, దానికో చిన్న స్క్రిప్ట్

ఐనోటిఫై టూల్స్ ప్యాకేజీలో వచ్చే ఈ కమాండ్ దానంతటది ఏమీ దిద్దదు, ఏం జరిగిందో చెబుతుంది, అంతే. అయినా ఈ పోటీలో గెలిచేది ఇదే. ఎలా వాడతామన్న దాని మీదే అంతా ఉంది.

చాలాచోట్ల కనిపించే పద్ధతి ఇది: మైనస్ ఎం, మైనస్ ఆర్ పెట్టి నడిపి, అది ప్రింట్ చేసే ప్రతి పేరునీ వైల్ రీడ్ లూప్‌లో చదివి, ఆ పేరు మీద సీహెచ్‌మోడ్ కొట్టడం. ఇందులో మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. పేరులో న్యూలైన్ ఉంటే లూప్ ఒక ఫైల్‌ని రెండుగా చదువుతుంది. వేల ఫైళ్లు ఒక్కసారి వస్తే లూప్ వెనకబడుతుంది. పైప్ బఫర్ 64 కేబీ, అది నిండగానే ఐనోటిఫైవెయిట్ రాయలేక ఆగిపోతుంది, అది ఆగితే కెర్నెల్ క్యూ పేరుకుపోతుంది. క్యూ పరిమితి డిఫాల్ట్‌గా 16384 ఈవెంట్లు, అది దాటాక వచ్చినవి పోతాయి. మూడోది, కొత్తగా పుట్టిన సబ్‌డైరెక్టరీకి మైనస్ ఆర్ వాచ్ తగిలించేలోపే అందులో పుట్టిన ఫైళ్ల ఈవెంట్లు రావు. ఎంకేడిర్ మైనస్ పీతో మూడంచెల డైరెక్టరీ సృష్టించి వెంటనే అడుగున ఫైల్ పెట్టే ప్రోగ్రామ్‌లు దీనికి ఎప్పుడూ దొరికిపోతాయి.

మూడింటికీ మందు ఒక్కటే. ఈవెంట్‌ని కాలింగ్ బెల్ లాగా వాడండి. ఎవరో వచ్చారని తెలిస్తే చాలు, ఎవరన్నది మీరే వెళ్లి చూడండి. అంటే ఈవెంట్ చెప్పిన పేరుని పట్టించుకోకుండా, ఏదో మారిందన్న వార్తగా మాత్రమే తీసుకుని, 2 సెకన్ల పాటు వెనక వచ్చేవాటిని కూడా చదివి పారేసి, నిశ్శబ్దం అయ్యాక ఫైండ్‌ని (షరతుకు సరిపోయే ఫైళ్లను వెతికే కమాండ్) ఒకసారి నడపడం. ధారగా ఈవెంట్లు వస్తూనే ఉంటే నిశ్శబ్దం కోసం ఎంతసేపైనా ఆగిపోకుండా, 30 సెకన్లకో హద్దు పెట్టుకోండి.

ఫైండ్ చేయాల్సింది రెండు చుట్లు. మొదట డైరెక్టరీలు: టైప్ డీ, పర్మ్ మైనస్ 2770 లేనివి, లేదా పర్మ్ స్లాష్ 0007 ఉన్నవి. ఇక్కడ మైనస్ అంటే ఆ బిట్లన్నీ ఉండాలి, స్లాష్ అంటే వాటిలో ఏ ఒక్కటి ఉన్నా సరే. దొరికినవాటికి 2770 పెట్టండి. తర్వాత ఫైళ్లు: టైప్ ఎఫ్, పర్మ్ మైనస్ 0660 లేనివి, లేదా పర్మ్ స్లాష్ 0007 ఉన్నవి. వీటికి 0660 అని అంకెల్లో పెడితే స్క్రిప్టుల ఎగ్జిక్యూట్ బిట్ ఎగిరిపోతుంది. యూజర్‌కీ గ్రూప్‌కీ రీడ్, రైట్, పెద్ద ఎక్స్ కలిపి, అదర్స్‌ని ఖాళీ చేసే అక్షరాల రూపం వాడండి. పెద్ద ఎక్స్ అప్పటికే ఎవరికో ఒకరికి ఎగ్జిక్యూట్ ఉన్న ఫైల్‌కే ఆ బిట్ ఇస్తుంది. ఎగ్జిక్ చివర ప్లస్ గుర్తు పెడితే పేర్లన్నీ గుత్తులుగా ఒకే సీహెచ్‌మోడ్‌కి వెళ్తాయి. పేర్లు షెల్ గుండా వెళ్లవు కాబట్టి స్పేస్ ఉన్నా న్యూలైన్ ఉన్నా ఇబ్బంది లేదు. తప్పుగా ఉన్నవాటినే ముట్టుకుంటుంది కాబట్టి యాట్రిబ్ లూప్ కూడా రెండో చుట్టులో ఆగుతుంది. ఏసీఎల్ ఉన్న ఫైల్ మీద ఈ సీహెచ్‌మోడ్ మాస్క్‌ని తెరుస్తుంది, మనకు కావలసిందీ అదే.

రాస్తూ ఉన్న ఫైల్‌ని మధ్యలో దిద్దితే ఏమైనా చెడుతుందా అని అనుమానం రావచ్చు. చెడదు. పర్మిషన్ తనిఖీ తెరిచేటప్పుడే జరుగుతుంది, అప్పటికే తెరిచి రాస్తున్న ప్రోగ్రామ్‌కి మార్పు అంటదు.

గ్రూప్ కూడా తప్పుగా వస్తుంటే సీహెచ్‌జీఆర్‌పీ చుట్టు కూడా కలపండి, కానీ దాన్ని సీహెచ్‌మోడ్‌కి ముందు పెట్టండి. ఓనర్‌షిప్ మార్పు ఎగ్జిక్యూటబుల్ ఫైళ్ల సెట్‌యూఐడీ, సెట్‌జీఐడీ బిట్లను చెరిపేస్తుంది.

స్క్రిప్ట్ మొదలయ్యేటప్పుడు క్రమం ముఖ్యం. ముందు ఫైండ్ నడిపి తర్వాత వాచ్ పెడితే ఆ రెండింటి మధ్యలో వచ్చినవి జారిపోతాయి. వాచ్ పెట్టి, వాచెస్ ఎస్టాబ్లిష్డ్ అన్న సందేశం స్టాండర్డ్ ఎర్రర్‌లో వచ్చాక తొలి ఫైండ్ నడపాలి. మైనస్ క్యూ పెడితే ఆ సందేశమే రాదు, ఈ సంగతి చాలామంది గమనించరు. సర్వీస్‌గా నడిపేటప్పుడు రీస్టార్ట్ ఆల్వేస్ పెట్టండి. ఐనోటిఫైవెయిట్ చచ్చిపోయినా పైప్ చివరనున్న లూప్ సున్నా స్టేటస్‌తో మర్యాదగా ముగుస్తుంది, ఆన్ ఫెయిల్యూర్ పెడితే సిస్టమ్‌డీ దాన్ని ఫెయిల్యూర్‌గా చూడదు, మళ్లీ లేపదు.

వాచ్‌ల సంఖ్యకు హద్దుంది. మాక్స్ యూజర్ వాచెస్ పాత కెర్నెళ్లలో 8192, 5.11 నుంచి మెషీన్ మెమరీని బట్టి లెక్కకట్టి 1048576 దాకా పెంచుతుంది. పాత మెషీన్ అయితే డైరెక్టరీల సంఖ్య లెక్కపెట్టి, దానికి రెట్టింపు సిస్‌కంట్రోల్‌లో పెట్టుకోవడం మేలు. లక్షల డైరెక్టరీలుంటే బెల్ మోగిన ప్రతిసారీ మొత్తం ఫైండ్ భారమే. అప్పుడు ఈవెంట్ వచ్చిన డైరెక్టరీ వరకే ఫైండ్ పరిమితం చేయండి. ఏ దారిలో వెళ్లినా 15 నిమిషాలకోసారి టైమర్‌తో మొత్తం చెట్టు మీద ఒక ఫైండ్ నడవాలి. క్యూ పొంగి పోయినవి, వాచ్ తగలకముందు పుట్టినవి అప్పుడు దొరుకుతాయి. ఆ టైమర్ లేని ఏర్పాటుని, టూల్ ఏదైనా సరే, నమ్మడానికి లేదు. నిజానికి 15 నిమిషాల ఆలస్యం మీవాళ్లకు ఇబ్బంది కాకపోతే టైమర్ ఒక్కటే చాలు, కాపలా మానేయొచ్చు.

రూట్‌గా నడిపితే

పై టూల్స్‌లో ఏది వాడినా ఈ భాగం వర్తిస్తుంది. ఇతరులు రాయగలిగే డైరెక్టరీలో రూట్ అధికారంతో సీహెచ్‌మోడ్ నడుపుతున్నారంటే, అక్కడ రాయగలిగే ప్రతివాళ్లూ ఆ సీహెచ్‌మోడ్‌ని ఎటు తిప్పాలో చెప్పగలరు. సీహెచ్‌మోడ్ సిమ్‌లింక్ (ఇంకో ఫైల్ వైపు చూపే లింక్) వెంట పోతుంది. ఒకరు ఈటీసీలోని షాడో ఫైల్‌కి సిమ్‌లింక్ పెడితే, పేరు చదివి దిద్దే స్క్రిప్ట్ నేరుగా పాస్‌వర్డ్ ఫైల్‌ని తెరిచిపెడుతుంది. ఫైండ్‌లో టైప్ ఎఫ్ సిమ్‌లింక్‌లను వదిలేస్తుంది. కానీ ఫైండ్ చూసిన క్షణానికీ సీహెచ్‌మోడ్ ముట్టుకునే క్షణానికీ మధ్య ఫైల్‌ని సిమ్‌లింక్‌గా మార్చేసే అవకాశం ఉంటుంది. స్క్రిప్ట్‌లో ముందుగా తనిఖీ చేసినా ఆ వ్యవధి పోదు.

అసలు రక్షణ సర్వీస్ ఫైల్‌లో ఉంది. ప్రత్యేక యూజర్‌ని సృష్టించి, యాంబియంట్ కేపబిలిటీస్‌లో (రూట్ అధికారాన్ని విడగొట్టిన ముక్కలు) క్యాప్ ఎఫ్ఓనర్, క్యాప్ డీఏసీ రీడ్ సెర్చ్, క్యాప్ ఎఫ్‌సెట్‌ఐడీ మాత్రమే ఇవ్వండి, బౌండింగ్ సెట్ కూడా అంతే ఉంచండి. మొదటిది ఇతరుల ఫైళ్ల మోడ్ మార్చడానికి, రెండోది 0700 డైరెక్టరీల్లోకి తొంగిచూసి వాచ్ పెట్టడానికి. మూడోది మరచిపోతే వింత జరుగుతుంది: ఆ యూజర్ ఫైల్ గ్రూప్‌లో లేనప్పుడు సీహెచ్‌మోడ్ 2770 ఎర్రర్ ఏమీ లేకుండా విజయవంతమవుతుంది, సెట్‌జీఐడీ బిట్ మాత్రం పడదు. తర్వాతి ఫైండ్ అదే డైరెక్టరీని మళ్లీ తప్పుగా చూస్తుంది, మళ్లీ దిద్దుతుంది, యాట్రిబ్ మళ్లీ బెల్ కొడుతుంది. గ్రూప్ మార్చే చుట్టు కూడా ఉంటే క్యాప్ సీహెచ్‌ఓన్ కలపండి.

దాని పైన ప్రొటెక్ట్ సిస్టమ్ స్ట్రిక్ట్ పెట్టి, రీడ్ రైట్ పాత్స్‌లో షేర్ డైరెక్టరీ ఒక్కటే రాయండి. అప్పుడు డెవ్, ప్రాక్, సిస్ డైరెక్టరీలు తప్ప మిగతా ఫైల్‌సిస్టమ్ అంతా ఆ సర్వీస్‌కి రీడ్ ఓన్లీ. సిమ్‌లింక్ ఆ భాగంలో ఎటు తీసుకుపోయినా సీహెచ్‌మోడ్ రీడ్ ఓన్లీ ఎర్రర్‌తో వెనక్కి వస్తుంది. హార్డ్‌లింక్‌లకు మాత్రం ఈ గోడ అడ్డు కాదు. షేర్‌ని వేరే పార్టిషన్ మీద పెడితే బయటి ఫైల్‌కి హార్డ్‌లింక్ పెట్టడమే కుదరదు. అది వీలుకాకపోతే ప్రొటెక్టెడ్ హార్డ్‌లింక్స్ సిస్‌కంట్రోల్ 1గా ఉందో లేదో చూడండి.

వాచ్‌మన్, ఎఫ్ఎస్‌వాచ్, ఎంటర్

వాచ్‌మన్‌ని ఫేస్‌బుక్ 2013లో ఓపెన్ సోర్స్ చేసింది. సబ్‌డైరెక్టరీలను తనే చూసుకుంటుంది, మార్పులు సద్దుమణిగేదాకా ఆగుతుంది, క్యూ పొంగితే చెట్టంతా మళ్లీ తిరిగి చూసుకుంటుంది. ట్రిగర్ ఒకటి నడుస్తుండగా వచ్చినవాటిని కూడగట్టి తర్వాత ఒక్కసారిగా ఇస్తుంది. అంటే పైన స్క్రిప్ట్‌లో మనం చేత్తో కట్టుకున్న పనుల్లో చాలావరకు ఇందులో ముందే ఉన్నాయి. టూల్‌గా అన్నింట్లోకీ గట్టిది ఇదే. అయినా రెండో స్థానమే ఇస్తాను. దీని పుట్టుక డెవలపర్ సోర్స్ చెట్ల కోసం, ఆ యూజర్ సెషన్‌లో నడవడానికి. దాన్ని పరిమిత అధికారాల సిస్టమ్ సర్వీస్‌గా మలచడం, స్టేట్ డైరెక్టరీని సర్దడం, ఇన్‌స్టాల్ బరువు మోయడం ఇరవై లైన్ల స్క్రిప్ట్‌తో అయ్యే పనికి ఎక్కువ. ఇప్పటికే వాడుతున్నవాళ్లు మాత్రం దాంతోనే కానివ్వండి.

ఎఫ్ఎస్‌వాచ్ మ్యాక్‌లో, లినక్స్‌లో ఒకేలా నడవడం దాని ప్రత్యేకత. మ్యాక్‌లో షేర్ ఉన్నవాళ్లు ఐనోటిఫైవెయిట్ స్థానంలో దీన్ని పెట్టుకోవచ్చు, మైనస్ ఓ ఆప్షన్ పేర్లు ఇవ్వకుండా మార్పుల లెక్క మాత్రమే ఇస్తుంది, బెల్ పద్ధతికి అతికినట్టు సరిపోతుంది. ఎంటర్ ముందుగా ఇచ్చిన ఫైళ్ల జాబితాని చూస్తుంది. కొత్త ఫైళ్ల కోసం పెట్టే కాపలాకి అది తగదు.

బైండ్‌ఎఫ్ఎస్

దీని దారే వేరు. ఫైల్ వచ్చాక దిద్దడం కాదు, డైరెక్టరీని ఫ్యూజ్ (కెర్నెల్ బయటి ప్రోగ్రామ్‌తో ఫైల్‌సిస్టమ్ నడిపే ఏర్పాటు) ద్వారా ఇంకోచోట మౌంట్ చేసి, అక్కడి నుంచి చూసేవాళ్లకు మీరు చెప్పిన పర్మిషన్లే చూపిస్తుంది. పర్మ్స్ ఆప్షన్ చూపును మారుస్తుంది, క్రియేట్ విత్ పర్మ్స్ కొత్తగా పుట్టేవాటికి నిజంగా మోడ్ పెడుతుంది, సీహెచ్‌మోడ్ ఇగ్నోర్ పెడితే టార్, ఎస్ఎఫ్‌టీపీల మంకుపట్టు కూడా నిశ్శబ్దంగా పక్కకు పోతుంది. ఈవెంట్ లేదు, క్యూ లేదు, రేస్ లేదు. ఫైల్ ఒక్క క్షణం కూడా తప్పు మోడ్‌లో కనబడదు. ఆ హామీ కావలసినవాళ్లకు ఐనోటిఫై టూల్ ఏదీ దీనికి సాటి రాదు.

మూల్యం వేగం. ప్రతి ఆపరేషన్ కెర్నెల్ నుంచి యూజర్‌స్పేస్‌కి వెళ్లి రావాలి, చిన్న ఫైళ్లు వేలల్లో ఉన్న చోట తేడా తెలుస్తుంది. ఇంకోటి, అసలు డైరెక్టరీని నేరుగా తెరిచేవాళ్లకు పాత పర్మిషన్లే. అందుకని అసలుదాన్ని అందరూ చేరలేని 0700 డైరెక్టరీ కింద దాచి, మౌంట్‌ని మాత్రమే బయటపెట్టాలి. ఆఫీసు పత్రాల షేర్‌కి ఇది బాగుంటుంది, డేటాబేస్ ఫైళ్లకు, బిల్డ్ డైరెక్టరీలకు వద్దు.

ఎక్కడ పెట్టకూడదు

హోమ్ డైరెక్టరీల మీద ఈ కాపలా పెట్టొద్దు. ఎస్‌ఎస్‌హెచ్ డైరెక్టరీ, ఆథరైజ్డ్ కీస్ ఫైల్ గ్రూప్ రాయగలిగేలా మారితే స్ట్రిక్ట్ మోడ్స్ ఆ కీలను తిరస్కరిస్తుంది, అందరూ బయట నిలబడతారు. ప్రైవేట్ కీ గ్రూప్‌కి తెరిచి ఉంటే క్లయింట్ దాన్ని వాడనంటుంది. గిట్ రిపాజిటరీ ఉంటే దాని డాట్ గిట్‌ని ఫైండ్‌లో ప్రూన్ చేయండి. ఆబ్జెక్ట్ ఫైళ్లు 0444గా ఉండటం గిట్ ఉద్దేశమే. పంచుకోవడానికి కోర్ డాట్ షేర్డ్ రిపాజిటరీని గ్రూప్ అని పెట్టడమే సరైన దారి.

పెట్టాక చేయాల్సిన పరీక్షలు

టచ్‌తో ఒక ఫైల్ పెట్టి సరైందని సంబరపడితే ఏమీ పరీక్షించనట్టే, అది డిఫాల్ట్ ఏసీఎల్ ఒక్కటే చేసేస్తుంది. అదే ఫైల్‌సిస్టమ్‌లో షేర్ బయట ఒక 0600 ఫైల్ సృష్టించి ఎంవీతో లోపలికి తోయండి. ఎస్ఎఫ్‌టీపీతో 0644 ఫైల్ పుట్ చేయండి. ఎంకేడిర్ మైనస్ పీ, దాని వెంటనే అడుగు డైరెక్టరీలో ఫైల్, రెండూ ఒకే లైన్‌లో కొట్టండి. 0755 డైరెక్టరీలున్న టార్‌ని పర్మిషన్లు నిలిపే ఆప్షన్‌తో విప్పి, ఫైళ్లే కాదు డైరెక్టరీల మోడ్ కూడా చూడండి. 20000 ఖాళీ ఫైళ్లు ఒక్క లూప్‌లో సృష్టించి, ఒక నిమిషం తర్వాత తప్పు మోడ్‌లో ఎన్ని మిగిలాయో ఫైండ్‌తో లెక్కపెట్టండి. డిఫాల్ట్ ఏసీఎల్ ఇక్కడ అడ్డొస్తుంది కాబట్టి ఈ ఒక్క పరీక్షకి ఆ ఫైళ్లను 0600తో పుట్టించాలి, ఇన్‌స్టాల్ కమాండ్ మైనస్ ఎం ఆప్షన్ ఆ పని చేస్తుంది. చివరగా ఈటీసీలోని పాస్‌డబ్ల్యూడీ ఫైల్‌కి (షాడోకి కాదు) షేర్‌లో సిమ్‌లింక్ పెట్టి, సర్వీస్ ఒక చుట్టు తిరిగాక ఆ ఫైల్ ఇంకా 0644గానే ఉందో లేదో స్టాట్‌తో చూసి, సిమ్‌లింక్ తీసేయండి. 0660 అయి ఉంటే సర్వీస్ వెంటనే ఆపి, ఆ ఫైల్‌ని 0644కి మార్చి, ప్రొటెక్ట్ సిస్టమ్ లైన్ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.